మన పల్లె వాద్యములు - వాని కుటుంబములు

జాతరనాడు పల్లెలో తప్పెట మ్రోగును, ఉరుము మూలుగును, సన్నాయి పలుకును. అందరమును విని ఆనందింతుము. కాని ఏది యే వాద్యమని అడిగినచో "అన్నియు డప్పులే" యని తేల్చివేయువారు మనలో పెక్కురు. దీనివలన నష్టము కలదు. రాష్ట్ర ప్రభుత్వ పింఛనులలో డప్పు కళాకారులకు ప్రత్యేక విభాగమున్నది. కావున ఎవరు ఏ వాద్యమును వాయించుచున్నారో పంచాయతీ సభ్యులు నిజముగా నెరిగి యుండవలెను. ఉరుము వాయించువాని పేరెదుట "డప్పు" అని వ్రాసినచో, అతడు గతించిన పిదప ఆ వాద్యము ఊరిలో నుండెనను ఆధారము కూడ మిగులదు.

గుర్తించు విధము

వాద్యము ఆకారమును చూచి భ్రమపడరాదు. "శబ్దము పుట్టునపుడు అదురుచున్నది ఏది?" అని ప్రశ్నించుకొనవలెను. భరతముని పేర ప్రసిద్ధమైన నాట్యశాస్త్రము ఈ విధముగనే వాద్యములను నాలుగు కుటుంబములుగ విభజించినది.

1. తతము: తీగ అదురును. వీణ, తంబుర, కిన్నెర ఇట్టివి.

2. సుషిరము: గొట్టములోని గాలి అదురును. పిల్లనగ్రోవి, సన్నాయి, నాదస్వరము, కొమ్ము, శంఖము ఈ కుటుంబమునకు చెందినవి.

3. అవనద్ధము: బిగించిన చర్మము అదురును. డోలు, మద్దెల, తప్పెట, ఉరుము, గుమ్మెట ఇట్టివి.

4. ఘనము: వస్తువే మొత్తముగ అదురును. తాళములు, గంట, గజ్జెలు, చెక్కభజనలోని చెక్కలు, కోలాటపు కోలలు ఇందు చేరును.

బుర్రకథ దళమును గమనింపుడు. కథకుని భుజముపై తంబుర, వ్రేలికి అందెలు, వంతల చేత గుమ్మెటలు ఉండును. తత, ఘన, అవనద్ధములు మూడును ఒక్క వేదికపై కనబడును.

తప్పెట వేరు, ఉరుము వేరు

ఈ రెండును చర్మవాద్యములే యైనను ఒకటి గావు. తప్పెటకు గుండ్రని చట్రముపై ఒకవైపుననే చర్మముండును. దీనిని చిర్ర యను కర్రతోను, సన్నని చిటికెన పుల్లతోను వాయింతురు. వాయించుటకు ముందు మంటకు కాచినచో చర్మము బిగిసి నాదము స్పష్టమగును.

ఉరుమునకు రెండువైపుల చర్మముండును. ఒక ముఖముపై వంకర కర్రతో రాపిడి చేయగా దూరపు మేఘగర్జనము వంటి ధ్వని వెలువడును. ఆ ధ్వనిని బట్టియే ఆ పేరు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపురపు మెట్టనేలపై ఆకాశపు ఉరుము కొరకు ఎదురుచూడని రైతు లేడు. అట్టి సీమలో ఈ వాద్యము గ్రామదేవతల కొలువులలో ప్రసిద్ధి గాంచుట సహజమే గదా.

లేపాక్షి స్తంభములే పాఠములు

ఈ పాఠమును రాతిలో చదువగోరువారు లేపాక్షి వీరభద్రాలయమునకు పోవచ్చును. పూర్వము అనంతపురము జిల్లాలో నుండిన ఈ గ్రామము 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయల కాలమున, 16వ శతాబ్దిలో, విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు ఈ ఆలయమును విస్తరించిరి. నాట్యమండప స్తంభములపై రంభ నాట్యము చేయుచుండగా బ్రహ్మ మద్దెలను, తుంబురుడు వీణను, నందికేశ్వరుడు హుడుక్కను వాయించుచున్నారు. పాఠశాల పిల్లలను అచటికి తీసికొనిపోయి, ఏ చేతిలోనిది ఏ కుటుంబమో చెప్పుమని అడిగినచో పాఠము మనసున నాటును.

సందేహము కలిగించునవి

హార్మోనియమునకు మెట్లున్నను, తిత్తి గాలిచేత మ్రోగును గనుక అది సుషిర కుటుంబమునకు సన్నిహితము. కంజీరకు చర్మమును బిళ్ళలును ఉన్నను, ప్రధాన నాదము చర్మముదే గావున అది అవనద్ధము. పూర్వము కంజీరకు ఉడుము చర్మమును వాడెడివారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద ఉడుమునకు రక్షణ కలదు గనుక మేకచర్మమునే వాడవలెను.

పాశ్చాత్య పండితులైన హార్న్‌బోస్టెల్, జాక్స్ 1914లో ప్రకటించిన విభజనమును కూడ ఈ నాలుగు కుటుంబములతోనే నడిచినది. 1940లో జాక్స్ విద్యుద్వాద్యములను ఐదవ కుటుంబముగ చేర్చెను. నేటి వేడుకలలో వినబడు విద్యుత్ కీబోర్డు ఇట్టిదే.

పంచాయతీ చేయదగిన పని

కరవు కాలమున యువకులు కూలికై బెంగుళూరు వంటి నగరములకు వలసపోవుచున్నారు. దళములో ఇద్దరు తరలినచో మేళము ఆగును. వాయింపబడని తప్పెట మూలబడి, దాని చర్మము చెడును. కావున ప్రతి పంచాయతీయు ఒక పుస్తకమును తెరచి ఈ విషయములను వ్రాసి యుంచవలెను:

- వాద్యమునకు ఊరివారు పిలుచు పేరు, దాని కుటుంబము
- దేనితో చేయబడినది, మరమ్మతు చేయువారెవరు
- వాయించువారు, వారి వయస్సు
- ఏ పండుగకు వాయింతురు, నేర్చుకొనుచున్న పిల్లలెవరు

వివరములను వాయించువారినే అడిగి వ్రాసి, గ్రామసభలో చదివి వినిపింపుడు. తప్పులున్న పెద్దలు దిద్దుదురు. చివరి గడి ఖాళీగా మిగిలిన వాద్యమేదో గుర్తించి, దానిని నేర్పు ఏర్పాటును మొదట చేయుడు. నేర్చు పిల్లవాడు ఒక్కడున్నను ఆ వాద్యము మరియొక తరము నిలుచును.