కడపటి గ్లాసు

ఇంటిలో నలుగురికి పాయసము వండు తల్లికి కొలపాత్రతో పనిలేదు. ఆమె చేయియే కొలత. ఆమె కన్నే త్రాసు. గరిటెడు తక్కువైనను, ఎక్కువైనను ఇంటివారు సర్దుకొందురు. కాని నూటయేబదిమంది పసిపిల్లలకు వండవలసి వచ్చినప్పుడు కన్ను మోసపోవును. అచ్చట లెక్క తోడు లేనిదే తల్లిమనసు కూడ చాలదు.

కోనసీమయందలి ఒక గ్రామమున ప్రాథమిక పాఠశాల యొకటి గలదు. అందు 150 మంది బాలబాలికలు చదువుచుండిరి. ఒక సంవత్సరము ఆగస్టు 15వ తేదీన జెండావందనమైన పిదప వారికి పరమాన్నము పెట్టించిరి. గిన్నెలో 15 లీటర్ల పాయసముండెను. తలకు 100 మిల్లీలీటర్ల చొప్పున అది సరిపోవునని అందరు తలంచిరి. ఐదవ తరగతివారు ముందును, ఒకటవ తరగతివారు చివరను కూర్చుండిరి. వడ్డించువారు ఉత్సాహముతో గరిటె నిండుగా ముంచి పోసిరి. ఒకటవ తరగతి పంక్తి వచ్చుసరికి గరిటె గిన్నె అడుగును గీకెను. ముప్పదిమంది చిన్నారులు గ్లాసులను రెండు చేతులతో పట్టుకొని ఎదురుచూచుచుండిరి. “అయిపోయినది” అను మాట ఎట్లు చెప్పవలెనో వడ్డించువారికి తోచలేదు. వారిలో ఒక చిన్నపిల్ల ఏడువలేదు. ఎవరిని ఏమియు అడుగలేదు. ఖాళీ గ్లాసును సంచిలో పెట్టుకొని ఇంటికి పోయెను.

ప్రధానోపాధ్యాయురాలు ఆ గ్లాసును మరువలేకపోయెను. జనవరి 26వ తేదీ సమీపించినప్పుడు, ప్రక్కనున్న ఉన్నత పాఠశాలనుండి వడ్డనకు వచ్చు ఎనిమిదవ తరగతి విద్యార్థులను పదిమందిని పిలిపించి, “ఆనాడు పొరపాటు ఎచ్చట జరిగినది?” అని అడిగెను.

“గిన్నె చిన్నదండి. ఈసారి పెద్ద గిన్నె పెట్టవలెను” అని ఒక బాలుడు బదులు చెప్పెను.

ఒక బాలిక మాత్రము నల్లబల్లకడకు పోయి లెక్క వేసెను. గరిటెకు 100 మిల్లీలీటర్లకు బదులు 125 మిల్లీలీటర్లు పడినచో, 120 మందికి పోయునప్పటికి 15,000 మిల్లీలీటర్లు, అనగా 15 లీటర్లును, తీరిపోవును. మిగిలిన ముప్పదిమందికి చుక్కయైన దక్కదు. “గిన్నె చిన్నది కాదండి. గరిటె పెద్దది” అని ఆమె చెప్పెను.

ఉపాధ్యాయురాలు సంతసించి, “కావున లెక్క గిన్నెనుండి కాదు, ఒక్క బిడ్డనుండి మొదలు కావలెను. ఒక బిడ్డకు ఎంత కావలెను? తినువారు ఎందరు? అంత పాయసమునకు దినుసులు ఎంత? ఈ మూడు ప్రశ్నలకు సమాధానములు తెండు” అని వారిని పంపెను.

దేశమున పెద్ద లెక్కలు సైతము ఈ విధముగనే కట్టబడుచున్నవి. పాఠశాల బాలల పోషణకై కేంద్ర ప్రభుత్వము 1995వ సంవత్సరము ఆగస్టు 15న ఒక పథకమును ఆరంభించెను. మధ్యాహ్న భోజనమునకు ప్రాథమిక తరగతుల బిడ్డకు దినమునకు 100 గ్రాములు, ఆపై ఎనిమిదవ తరగతి వరకు 150 గ్రాములు ధాన్యమని ప్రమాణము. లక్షల బస్తాల లెక్కకును మూలము ఒక బిడ్డ కంచమే.

విద్యార్థులు మొదట వంట చేయు అవ్వకడకు పోయిరి. ఆమె ఒక లీటరు పాలు, 100 గ్రాముల బియ్యము, 150 గ్రాముల బెల్లము తీసికొని, బియ్యము ఉడుకుటకు కొంచెము నీరు చేర్చి, మచ్చుకు పరమాన్నము వండెను. బియ్యము మెత్తగా ఉడికినదాక ఆమె బెల్లము జోలికి పోలేదు. బెల్లము ముందే పడినచో బియ్యపు గింజ మెత్తబడదట! ఆమె బెల్లమును వేరుగా కరగించి, ఇసుక రాకుండ వడగట్టి, పాయసమును పొయ్యి దింపి కొంచెము చల్లారిన పిమ్మట కలిపెను. మరుగుచున్న పాలలో బెల్లము వేసినచో పాలు విరుగునని ఆమె యనుభవము. కొలిచి చూడగా పాయసము సరిగా ఒక లీటరు వచ్చెను.

దానిని ఒకటవ తరగతి పిల్లలు పదిమందికి సమముగా పోసిరి. అందరును గ్లాసు ఖాళీ చేసిరి. ఇద్దరు మాత్రము మరల అడిగిరి. కావున బిడ్డకు 100 మిల్లీలీటర్లు తగునని తేలెను. అందు పాలు 100 మిల్లీలీటర్లు, బియ్యము 10 గ్రాములు, బెల్లము 15 గ్రాములు. తీపి పదార్థము మితముగా ఉండుటయు మేలే. చక్కెర, బెల్లము మున్నగువాని శక్తి దినమునకు కావలసిన శక్తిలో పదియవవంతుకంటె తక్కువగా ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించెను. దినమునకు 1,400 కిలోకాలరీలు కావలసిన బిడ్డకు అది సుమారు 35 గ్రాములు. పాయసములోని బెల్లము అందు సగమునకు లోపుగనే ఉన్నది.

పిదప తినువారిని లెక్కించిరి. హాజరుపట్టీలో 150 మంది. అక్కల వెంట, అన్నల వెంట వచ్చు చంటిపిల్లలు 12 మంది అని ఇంటింట విచారించి తెలిసికొనిరి. ఉపాధ్యాయులు, వంటవారు 8 మంది. వడ్డించువారు 10 మంది. వెరసి 180 మంది. వారికి 18 లీటర్లు. గిన్నెకు అంటునది, ఒలికిపోవునది, అనుకోని అతిథికి కావలసినది కలిపి పదియవవంతు చేర్పగా 19.8 లీటర్లు. దానిని 20 లీటర్లుగా తీసికొనిరి. అందులకు పాలు 20 లీటర్లు, బియ్యము 2 కిలోలు, బెల్లము 3 కిలోలు.

“అయితే నీరు కూడ ఇరువది రెట్లు పోయవలెనా?” అని ఒక బాలుడు అడిగెను.

“వద్దు బాబూ. పెద్ద గిన్నెలో అంతగా ఇగరదు. నీరు తగ్గించి, చూచుకొని పోయవలెను” అని అవ్వ చెప్పెను. మరియు పాలు పొంగుటకు చోటు కావలెనని, అడుగంటకుండ కలుపుటకు వీలుగా ఉండునని, ఒకే గిన్నెకు బదులు రెండు గిన్నెలు పెట్టుమనెను. దినుసులను లెక్క పెంచును; పొయ్యికడ అనుభవము సరిదిద్దును.

చివరకు గరిటె వంతు వచ్చెను. లీటరు నీటిని సరిగా పదిసార్లు ముంచి తీయగల గరిటెలను వెదకి రెండింటిని ఎన్నుకొనిరి. ఒకటవ తరగతివారికి ముందు వడ్డింపవలెననియు, అందరికి ఒకమారు అందినదాక ఎవరికిని మారు వడ్డింపరాదనియు నియమము చేసికొనిరి. పాల వంటకము నిలువయుండినచో చెడిపోవును గావున, జెండావందనము ముగియు వేళకు వంట పూర్తి యగునట్లు ఏర్పాటు చేసిరి.

ఆ దినము వడ్డన ముగియవచ్చుచుండగా, ఊరిబయట ఇటుకబట్టీలో పనిచేయు కూలీల పిల్లలు మువ్వురు గేటుకడ నిలిచి చూచుచుండిరి. వారి పేర్లు ఏ పట్టీలోను లేవు. ప్రధానోపాధ్యాయురాలు వారిని లోనికి పిలిచి పంక్తిలో కూర్చుండబెట్టెను. గరిటె ఆ మూడు గ్లాసులను నింపెను. అప్పటికిని గిన్నెలో సుమారు ఒక లీటరు మిగిలియుండెను. అది మారు అడిగినవారికి చెందెను. ఆగస్టునాటి చిన్నపిల్ల గ్లాసును తలక్రిందులుగా పట్టి, చుక్క మిగులలేదని ప్రక్కవారికి చూపి నవ్వెను.

ఆ కోనసీమలోనే లంకలగన్నవరమున డొక్కా సీతమ్మ అను మహాతల్లి ఉండెను. 1841లో జన్మించి 1909లో గతించిన ఆమె, ఆకలితో వచ్చినవారిని వేళ చూడక, కులము చూడక అన్నము పెట్టి ఆదరించెను. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పాఠశాలల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టెను. పెట్టవలెనను మనసు ఆమెవంటి వారినుండి నేర్చుకొనవలెను. అది చివరి పంక్తివరకు అందుటకు లెక్క నేర్చుకొనవలెను. వడ్డన బాగుగా జరిగినదో లేదో మొదటి గ్లాసు చెప్పదు. కడపటి గ్లాసే చెప్పును.

ప్రశ్నలు

1. ఆగస్టు 15నాడు ముప్పదిమందికి పాయసము అందకపోవుటకు కారణమేమి?
2. “లెక్క ఒక్క బిడ్డనుండి మొదలు కావలెను” అను మాటను వివరింపుము.
3. అదనముగా చేర్చిన పదియవవంతు ఎవరికి ఎట్లు ఉపయోగపడెను?
4. మీ పాఠశాలలో 240 మందికి ఇట్టి పాయసమే వండవలసినచో, పదియవవంతు అదనముగా చేర్చి, పాలు, బియ్యము, బెల్లము ఎంతెంత కావలెనో లెక్కింపుము.