చారల డిస్కు మీద ఏం ఉంచాలి?

అమ్మలూ,

రెయిడ్ పెట్టుకోవద్దని నేననను. కానీ నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలగలిసిపోయాయి. రెండు ఎస్‌ఎస్‌డీలనీ రెయిడ్ సున్నాలో కలిపితే ఎడిటింగ్ వేగంగా సాగుతుందా అన్నది ఒకటి. ఒక డిస్కు పోతే రెండోదాంట్లో ఉన్నదైనా దక్కుతుందా అన్నది ఇంకోటి. రెండోదానికి ముందు చెప్తాను: దక్కదు.

1 మెగాబైటు ఫైలు తీసుకో. ముక్క సైజు 128 కిలోబైట్లు పెట్టావనుకుంటే అది 8 ముక్కలవుతుంది. 1, 3, 5, 7 ముక్కలు మొదటి డిస్కులోకి, 2, 4, 6, 8 రెండోదాంట్లోకి పోతాయి. ఇలా ముక్కలు పంచడాన్నే చారలు అంటున్నాను. రెండు డిస్కులూ ఒకేసారి పనిచేస్తాయి కాబట్టే ఆ వేగం. ఒకటి చచ్చిపోతే ప్రతి వీడియోలోనూ దాదాపు సగం ముక్కలు మాయమవుతాయి. అలాంటి ఫైలును ఏ ప్లేయరూ తెరవదు. ఒక్కో డిస్కు ఏడాదిలో పాడయ్యే అవకాశం నూటికి 3 అనుకో. కలిపాక మొత్తం పోయే అవకాశం దాదాపు 6 అవుతుంది. 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రెయిడ్ గురించి రాసిన పత్రంలో 1 నుంచి 5 దాకానే స్థాయిలున్నాయి. వాటన్నిటిలోనూ ఒక డిస్కు పోయినా నిలబడే ఏర్పాటుంది. ఆ ఏర్పాటు లేని సున్నా తరవాత వచ్చి చేరింది.

ఇక వేగం. కొట్టులో చెప్పారని కొనడమేనా, ముందు లెక్క వేసుకోవద్దూ? హేవ్‌లాక్‌లో నీళ్ళ అడుగున తీసిన 4కె వీడియో సెకనుకు 100 మెగాబిట్లు అని నువ్వే రాశావు. 8తో భాగిస్తే 12.5 మెగాబైట్లు. నీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒక్కటే సెకనుకు 500 మెగాబైట్లకు పైగా చదువుతుంది. అలాంటి వీడియోలు 40 ఒకేసారి నడిపినా దానికి చాలు. మరి టైమ్‌లైన్ ఎందుకు ఆగి ఆగి నడుస్తోంది? టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకుని, వీడియో తడబడిన క్షణంలో డిస్కు గీతనీ సీపీయూ గీతనీ పక్కపక్కన చూడు. డిస్కు ఖాళీగా ఉండి సీపీయూ గీత పైకప్పుకు తగిలిందంటే, హెచ్.265 వీడియోను విప్పడం నీ ప్రాసెసర్ వల్ల కావడం లేదన్నమాట. అప్పుడు ప్రాక్సీ ఫైళ్ళు, అంటే సులువుగా నడిచే చిన్న నకళ్ళు, చేసుకో. పైసా ఖర్చు లేదు. పెద్ద పెద్ద ఫైళ్ళు డిస్కు మీదే అటూ ఇటూ తిప్పేవాళ్ళకే చారల వల్ల లాభం.

అయినా ముచ్చటపడుతున్నావు కాబట్టి నా నియమం ఒకటే: మళ్ళీ తయారు చేసుకోగలిగినదే చారల మీద ఉంచు. ప్రాక్సీలు, క్యాష్, రెండర్ చేసిన ఫైళ్ళు పోతే ఒక రాత్రి పని. పగడాల మధ్య నువ్వు తీసిన షాట్ పోతే ఆ చేప మళ్ళీ నీ కోసం రాదు. కార్డు నుంచి దింపిన అసలు ఫైలు విడిగా, మామూలు డిస్కు మీద ఉండాలి. దానికి మొత్తం మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట.

ఆ ‘వేరే చోట’ అన్న మాట నీలా అండమాన్ దీవిలో ఉండేవాళ్ళు మరీ గట్టిగా పట్టుకోవాలి. మీ ఊళ్ళోనే జంగ్లీఘాట్‌లో ఒక కాపీ, అబెర్డీన్ బజార్‌లో ఒక కాపీ ఉంటే సరిపోదు. 2004 డిసెంబరు 26న సునామీలో సముద్రం ఎంత దూరం వచ్చిందో మీ ఇంట్లో పెద్దవాళ్ళనడుగు. ఒక కాపీ మెయిన్‌లాండ్‌లో ఉండి తీరాలి. ఒకప్పుడు మీకున్నది శాటిలైట్ ఇంటర్నెట్ ఒక్కటే. వీడియో పైకి పంపడం అయ్యే పని కాదు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక ఆ సాకు పోయింది. రాత్రి పడుకునే ముందు అప్‌లోడ్ పెట్టు. లేదా విశాఖ ఓడ ఎక్కే మనవాళ్ళెవరి చేతైనా ఒక డ్రైవ్ నాకు పంపు. నా బీరువాలో దాచిపెడతాను.

అమర్చేటప్పుడు విండోస్‌ను చారల మీద వేయకు. మదర్‌బోర్డులోని రెయిడ్ వాడకు. బోర్డు పోతే సరిపడే ఇంకో బోర్డు మెయిన్‌లాండ్ నుంచి వచ్చేదాకా నీ డేటా చదవడం కష్టమవుతుంది. విండోస్ స్టోరేజ్ స్పేసెస్‌లో ‘సింపుల్’ ఎంచుకో. పూల్ చేస్తే రెండు డిస్కుల్లో ఉన్నదంతా చెరిగిపోతుంది, ముందే తీసి పెట్టుకో. కరెంటు పోయినప్పుడు రాస్తున్న ఫైలు సగంలో ఆగకుండా యూపీఎస్ తప్పనిసరి.

అన్నిటికంటే ముందు ఒక పని చెయ్యి. నీ బ్యాకప్ నుంచి ఒక వీడియో వెనక్కి దింపి, మొదటి నుంచి చివరిదాకా ఆడించి చూడు. వెనక్కి తెచ్చి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్ అనను. అది సరిగ్గా ఆడిందని నాకు రాశాకే ఆ రెండు డిస్కుల మీద చెయ్యి వెయ్యి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న