రొమ్ము క్యాన్సరు: శస్త్రచికిత్స తరువాత వాడవలసిన మందు

రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగి, గాయము మానినంతనే రోగము పోయినదని తలచువారు పెక్కుమంది కలరు. కాని కంటికి కానరాని కణములు దేహమున మిగిలి, కొన్ని సంవత్సరములకు మరల పెరుగవచ్చును. దానిని అరికట్టు సాధనములలో హార్మోను చికిత్స ముఖ్యమైనది.

పనిచేయు విధము

ఈ వ్యాధి గల స్త్రీలలో ఎక్కువమందికి, ఈస్ట్రోజెన్ అను స్త్రీ హార్మోను వలన క్యాన్సరు కణములు వృద్ధిపొందును. టామోక్సిఫెన్ మాత్ర ఆ హార్మోను కణములపై పనిచేయకుండ అడ్డుకొనును. ముట్లుడిగిన స్త్రీలకు అనస్ట్రోజోల్, లెట్రోజోల్ అను మందులను గూడ ఇత్తురు. ఇవి ఈస్ట్రోజెన్ ఉత్పత్తిని తగ్గించును. గడ్డను పరీక్షించి, హార్మోనుకు లోబడు రకమని తేలినవారికే ఈ మందులు పనికివచ్చును. వీనిని సాధారణముగా ఐదేండ్లు, కొందరు అంతకు మించి, ప్రతిదినము వాడవలెను.

ఫలితములు

పలు దేశముల పరీక్షలను ఆక్స్‌ఫర్డులో క్రోడీకరించి 2011లో ప్రకటించిరి. ఇట్టి రకము క్యాన్సరు గలవారు ఐదేండ్లు టామోక్సిఫెన్ వాడగా, మొదటి 15 సంవత్సరములలో ఈ వ్యాధి వలని మరణములు సుమారు మూడవవంతు తగ్గినవి.

అయితే మందు వ్రాసి ఇచ్చుట వేరు, ఇంటివద్ద విడువక వాడుట వేరు. అమెరికాలోని ఉత్తర కాలిఫోర్నియాలో 8,769 మంది స్త్రీల మందుల లెక్కలు చూడగా, పూర్తికాలము క్రమము తప్పక వాడినవారు 49 శాతము మాత్రమే. పదేండ్లకు జీవించియున్నవారు, మానక వాడినవారిలో సుమారు 81 శాతము, నడుమ మానినవారిలో సుమారు 74 శాతము. సంపన్న దేశముననే ఇట్లున్నది.

మానుటకు కారణములు

ఒంటినుండి ఆవిరులు, కీళ్ళనొప్పులు కొందరిని బాధించును. బాధ ఏమియు లేనివారు “రోగము లేదు గదా, మందేల?” యని విడుతురు. ఇది సరికాదు. బాధ కలిగినచో వైద్యునికి తెలుపవలెను. మందు మార్చు అవకాశము కలదు. టామోక్సిఫెన్ వాడువారికి ముట్లుడిగిన పిదప రక్తస్రావమైనను, ఎవరికైనను ఒక కాలు వాచినను, ఆకస్మికముగా ఆయాసము వచ్చినను వెంటనే ఆసుపత్రికి పంపవలెను. ఈ మందు వాడుకాలమున గర్భము ధరింపరాదు.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

రోగి పేరును సభలో చర్చింపక, ఆశా కార్యకర్త ద్వారా యోగక్షేమములు విచారింపుడు. మాత్రలు అయిపోకముందే తెచ్చుకొనునట్లు చూడుడు. ఆసుపత్రికి పోవుటకు తోడు, బస్సు ఖర్చు లేనివారికి సాయపడుడు. మందు ఎందుకో భర్తకు, అత్తమామలకు బోధపరచుడు. శస్త్రచికిత్స ఒకనాటితో ముగియును. ఐదేండ్లు మాత్రను విడువకుండ చూచు భారము మాత్రము ఇంటివారిది, గ్రామముది.