పిత్తనాళం వెడల్పైతే ఎమ్మార్సీపీ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు. రాళ్లున్నాయని గతంలో గాల్‌బ్లాడర్ తీసేశారు. ఈమధ్య కడుపునొప్పి వస్తే అల్ట్రాసౌండ్ చేసి, పిత్తనాళం 11 మి.మీ. ఉందన్నారు. ఎమ్మార్సీపీ రాశారు. తప్పనిసరా?

జవాబు: చేయించండి. ఈ నాళం సాధారణంగా 6 మి.మీ. వరకు ఉంటుంది. గాల్‌బ్లాడర్ తీసేశాక 10 దాకా ఉన్నా, నొప్పి, కామెర్లు లేకుంటే పెద్దగా కంగారుపడం. మీ అమ్మగారికి నొప్పి కూడా ఉంది. అల్ట్రాసౌండ్‌లో పేగుల్లోని గాలి అడ్డొచ్చి నాళం చివరి భాగం సరిగా కనపడదు. అడ్డంకి తరచూ ఉండేది అక్కడే! ఎమ్మార్సీపీ అంటే ఒక రకం ఎమ్మారై. ఇందులో నిలకడగా ఉన్న ద్రవం తెల్లగా మెరుస్తుంది కాబట్టి, పైత్యరసం మధ్య రాయి నల్లగా కనిపిస్తుంది. నాళం ఎక్కడ సన్నబడిందో కూడా తెలుస్తుంది. రేడియేషన్ ఉండదు, మామూలుగా ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. నాలుగైదు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి.

మరీ చిన్న రాళ్లు దీనికి చిక్కకపోవచ్చు. అనుమానం తీరకపోతే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చేస్తారు. కేవలం చూడటానికి ఈఆర్‌సీపీ (నోటి ద్వారా ఎండోస్కోప్ పంపి పిత్తనాళంలో చేసే ప్రక్రియ) వద్దు, దానివల్ల కొందరికి క్లోమం వాస్తుంది. రాయి తీయాల్సి వస్తేనే అది. చలిజ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా స్కాన్ తేదీ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.