తుంగభద్ర ఎండుచేప: నిల్వ వెనుక శాస్త్రం

తుంగభద్ర జలాశయం హోసపేట దగ్గర ఉంది. 2021లో బళ్లారి నుంచి విడిపోయిన విజయనగర జిల్లాలోకి ఈ ఊరు వెళ్లింది. జలాశయంలో అలివి అనే లాగుడు వలకు పడే చిన్నచేపలను ఒడ్డునే ఎండబెడతారు. తాజా చేపలో 70–80 శాతం నీరే. ఎండబెట్టడం వల్ల నీటి క్రియాశీలత (సూక్ష్మజీవులకు అందే నీటి కొలత) 0.6 కన్నా తగ్గితే బూజు, బాక్టీరియా పెరగవు. పెద్ద చేపైతే పొట్ట చీల్చి, పేగులు, మొప్పలు తీసేసి, కండకు గాట్లు పెట్టి ఉప్పు కూరుతారు. ద్రవాభిసరణ వల్ల కండలోని నీరు బయటికి వస్తుంది. అలాగని ఉప్పుతో అన్నీ చావవు: హాలోఫిలిక్ (ఉప్పును ఇష్టపడే) సూక్ష్మజీవులు ఉప్పుచేపపైనే పెరిగి ఎర్రని జిగురు పట్టిస్తాయి. ఇసుకలో పరిచే బదులు ఎత్తైన పందిళ్లపై ఆరబెడితే మట్టి అంటదు, గాలి ఆడి త్వరగా ఎండుతుంది. నిల్వకు మరో పద్ధతి పొగబెట్టడం: అప్పుడు చేపకు పట్టే పొగలోని ఫినాల్స్ కొవ్వు కనరెక్కకుండా కాపాడతాయి.