స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందములు – వర్తకుల మద్దతు – మన మిరప రైతు

పొరుగు దేశములతో స్వేచ్ఛా వాణిజ్యము జరుపుకొనవలెనని వర్తక సంఘములు కోరుచుండుట, రైతు సంఘములు అందుకు సందేహించుచుండుట మనము పత్రికలలో తరచుగా చదువుచున్నాము. ఇది ఢిల్లీలోనో, బ్యాంకాక్‌లోనో పెద్దలు తేల్చుకొనవలసిన వ్యవహారమని విద్యార్థులు పక్కకు నెట్టుట కలదు. కాని ఒంగోలు పొగాకు వేలంకేంద్రమునకును, గుంటూరు మిరప యార్డుకును, కొత్తపట్నము తీరమందలి రొయ్యల చెరువునకును ఈ వ్యవహారముతో నేరుగా సంబంధమున్నది. వర్తకులు ఇట్టి ఒప్పందములను ఎందుకు సమర్థింతురు? ఆ సమర్థనను మనము ఎంతవరకు అంగీకరింపవచ్చును? ఈ రెండు ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఒప్పందమనగానేమి?

రెండు లేక అంతకు మించిన దేశములు తమ పరస్పర వర్తకముపై దిగుమతి సుంకములను క్రమముగా తగ్గించుకొనుటకు చేసికొను ఒడంబడికయే స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందము. ఇందు మూడు అంగములను ముఖ్యముగా గుర్తింపవలెను. మొదటిది సుంకముల తగ్గింపు పట్టిక. రెండవది మినహాయింపుల జాబితా, అనగా ఏ సరుకులపై సుంకము తగ్గింపబడదో తెలుపునది. మూడవది సరుకు పుట్టుకను నిర్ణయించు నియమము. భాగస్వామ్య దేశములో నిజముగా పండిన, లేక తగినంత మేరకు తయారైన సరుకునకే రాయితీ చెల్లవలెనని ఈ నియమము చెప్పును. 'స్వేచ్ఛ' అను మాట పేరులో ఉన్నను, ఒప్పందము యొక్క ప్రాణమంతయు ఈ జాబితాలలోను, నియమములలోనే ఉన్నది.

మన దేశము చేసికొన్న ఒప్పందములను వరుసగా చూచెదము. 1975లో కుదిరిన బ్యాంకాక్ ఒప్పందములో భారతదేశము తొలి సభ్యురాలు. 2005లో దానికి ఆసియా పసిఫిక్ వాణిజ్య ఒప్పందమని పేరు మారినది. శ్రీలంకతో ఒప్పందము 1998 డిసెంబరు 28న సంతకమై, 2000 మార్చి 1 నుండి అమలైనది. దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందము 2004లో ఇస్లామాబాదులో సంతకమై, 2006లో అమలులోనికి వచ్చినది. ఆసియాన్ దేశములతో సరుకుల ఒప్పందము 2009 ఆగస్టులో సంతకమై, 2010 జనవరి 1న ప్రారంభమైనది. గుంటూరు మిరపను కొను బంగ్లాదేశ్, శ్రీలంక, మలేషియా, ఇండొనేషియా, థాయిలాండ్ దేశములన్నియు ఈ ఒప్పందములలో ఏదో ఒకదాని పరిధిలోనివే.

మోటుపల్లి చెప్పు పాఠము

ఈ ఆలోచన మన తీరమునకు కొత్తది కాదు. కొత్తపట్నమునకు ఉత్తరముగా, నేటి బాపట్ల జిల్లా చినగంజాము మండలములో, మోటుపల్లి అను గ్రామమున్నది. కాకతీయ గణపతిదేవుడు 1244లో అచ్చట అభయశాసనము వేయించెను. అంతకు పూర్వము తుపానునకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరుకును పాలకులు బలవంతముగా కైవసము చేసికొనుచుండిరి. ప్రాణములకు తెగించి సముద్రము దాటివచ్చు వర్తకులనుండి నిర్ణీత శుల్కము తప్ప మరేమియు గ్రహింపబోమని గణపతిదేవుడు అభయమిచ్చెను. ఆ శుల్కము ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక వంతు. 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే రేవులో ఆ అభయమును పునరుద్ధరించుచు మరల శాసనము వేయించెను.

వర్తకుడు అన్నిటికంటె ముందుగా కోరునది తక్కువ సుంకము కాదు, తెలిసిన సుంకము. ఈ విషయము ఆ శాసనమువలన మనకు స్పష్టమగుచున్నది. రేపు ఎంత చెల్లింపవలసివచ్చునో ఎరిగిన వర్తకుడు నేడు ఓడను కదలించును. ఎరుగనివాడు సరుకును గిడ్డంగిలోనే ఉంచును. ఒప్పందములకు వర్తకులు మద్దతునిచ్చుటకు నేటికిని ఇదియే మొదటి కారణము. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకమును ఒక్కసారిగా 50 శాతమునకు పెంచినప్పుడు మన రొయ్యల రైతులు పడిన ఆందోళనను తలచుకొన్నచో, స్థిరత్వమునకు గల విలువ బోధపడును.

రెండవ కారణము విపణి విస్తృతి. యూరపులో 1983లో ఏర్పడిన పారిశ్రామికవేత్తల గోష్ఠి, ఖండమంతయు ఒకే విపణి కావలెనని ప్రభుత్వములను పట్టుబట్టినది. 1993 జనవరి 1న ఏక విపణి అవతరించుటకు ఆ ఒత్తిడియు ఒక కారణమైనది. మూడవ కారణము ముడిసరుకు. విదేశములనుండి ముడిసరుకు తెప్పించుకొను కర్మాగారమునకు దిగుమతి సుంకము తగ్గుట నేరుగా లాభము.

వర్తకులందరిది ఒకే మాట కాదు

'వర్తకలోకము సమర్థించుచున్నది' అను వాక్యమును మనము జాగ్రత్తగా చదువవలెను. ఎగుమతి చేయువాడు ఒక మాట చెప్పును. దిగుమతి సరుకుతో పోటీపడువాడు మరొక మాట చెప్పును. ఇందుకు చరిత్రలో గట్టి సాక్ష్యములున్నవి.

19వ శతాబ్దిలో మాంచెస్టరు మిల్లు యజమానులు స్వేచ్ఛా వాణిజ్యమే ధర్మమని ప్రచారము చేసిరి. వారి ఒత్తిడి ఫలితముగా 1882లో భారతదేశపు దిగుమతి సుంకములు దాదాపు అన్నియు రద్దయినవి. ఖజానాకు ధనము చాలక 1894లో సుంకములను మరల విధింపవలసివచ్చెను. 1896లో దిగుమతి నూలు వస్త్రములపై మూడున్నర శాతము సుంకము నిర్ణయించి, మన దేశపు మిల్లు వస్త్రములపైకూడ అంతే ఎక్సైజు పన్ను వేసిరి. విదేశీ వస్త్రమునకు స్వదేశములో పోటీ కలుగరాదనుటయే అందలి ఆంతర్యము. ఆ ఎక్సైజు పన్ను తొలగుటకు 1926 వరకు వేచియుండవలసివచ్చెను. ప్రత్తి పండించి, మగ్గముపై బ్రతికిన ఈ ప్రాంతమువారు మరువరాని ఉదాహరణ ఇది. అసమానుల నడుమ స్వేచ్ఛ బలవంతునికే స్వేచ్ఛ యగును.

ఇటీవలి ఉదాహరణ ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందము. పదునారు దేశములు 2012 నుండి దీనిపై చర్చలు జరిపినవి. ఇందు చేరకున్నచో ఎగుమతులకు నష్టమని భారత పరిశ్రమల సమాఖ్య 2019లో వాదించినది. పాడి సహకార సంఘములు, రైతు సంఘములు, ఉక్కు, వస్త్ర పరిశ్రమలకు చెందిన పలువురు దీనిని వ్యతిరేకించిరి. తుదకు 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో భారతదేశము తాను చేరుటలేదని ప్రకటించినది. తక్కిన పదునైదు దేశములు 2020 నవంబరు 15న సంతకములు చేసినవి. 2022 జనవరి 1న ఒప్పందము అమలులోనికి వచ్చినది. ఆ ఒప్పందములో చేరినవారు లాభనష్టములు రెండును పొందుదురు. చేరనివారికిని రెండును తప్పవు. ఎవరికి లాభము, ఎవరికి నష్టము అన్నదే అసలు ప్రశ్న.

నియమములు సడలినచో ఏమి జరుగునో శ్రీలంక ఒప్పందము చూపినది. ఆనాడు మన దేశములో పామాయిలుపై సుంకము అధికము, శ్రీలంకలో స్వల్పము. కొందరు వ్యాపారులు శ్రీలంకలో వనస్పతి మిల్లులు పెట్టి, ఇతర దేశముల పామాయిలును తెప్పించి, వనస్పతిగా మార్చి, సుంకము లేకుండ మన దేశమునకు పంపసాగిరి. తుదకు ఏటా 2.5 లక్షల టన్నుల పరిమితి విధింపవలసివచ్చెను. ఒప్పందమును సమర్థించిన వర్తకులలోను, దానివలన దెబ్బతిన్న వర్తకులలోను మన దేశస్థులున్నారు.

పామాయిలు కథ ఇంతటితో ముగియలేదు. ఆసియాన్ ఒప్పందములో పామాయిలు, కాఫీ, తేయాకు, మిరియములు ప్రత్యేక సరుకులుగా నిలిచినవి. కాకినాడ తీరమందలి నూనె శుద్ధి కర్మాగారములకు చౌకయైన ముడి నూనె కావలెను. అదే గోదావరి జిల్లాలలో పామాయిలు తోటలు వేసిన రైతులకు గెలలకు తగిన ధర కావలెను. 2024 సెప్టెంబరులో ముడి పామాయిలుపై మూల సుంకము సున్నానుండి 20 శాతమునకు పెరిగెను. 2025 మే నెలాఖరున 10 శాతమునకు తగ్గెను. పెరిగిననాడు ఒకరికి ఊరట, తగ్గిననాడు మరొకరికి ఊరట. వినియోగదారుడు వీరిద్దరికి భిన్నముగా మూడవ పక్షము.

పది రూపాయలు ఎవరివి?

ఇప్పుడు మన మిరప వద్దకు వచ్చెదము. నూరు రూపాయల మిరపపై ఒక దేశము పది రూపాయల దిగుమతి సుంకము విధించుచున్నదనుకొందము. ఒప్పందము ఫలితముగా ఆ సుంకము పోయినది. ఆ పది రూపాయలు ఎవరికి చేరును? అచ్చటి వినియోగదారునికి కొంత చేరవచ్చును. అచ్చటి దిగుమతిదారుడు కొంత ఉంచుకొనవచ్చును. మన ఎగుమతిదారునికి కొంత మిగులవచ్చును. యార్డులో కమీషను వర్తకుడున్నాడు, శీతల గిడ్డంగి యజమాని ఉన్నాడు. మండుటెండలో తొడిమలు తీయు కూలి స్త్రీలున్నారు. చిట్టచివర టిక్కీలు దింపుకొని కూర్చున్న రైతు ఉన్నాడు. బేరమాడు శక్తి ఎవరికి ఎంత ఉన్నదో, పంపకము ఆ ప్రకారమే జరుగును. పంటను శీతల గిడ్డంగిలో పెట్టి ధర వచ్చువరకు ఆగగలవానికి ఆ పదిలో భాగము దక్కును. అప్పు తీర్చుటకై వచ్చిన రోజుననే అమ్మవలసినవానికి దక్కదు. ఒప్పందము తలుపు తెరచును. లోపలికి నడచుటకు కాళ్లు మాత్రము ఇచ్చటనే రావలెను.

విపణి ఉన్నంత మాత్రమున ధర నిలువదు. 2021లో నల్ల తామర పురుగు తోటలను నాశనము చేసినది. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయినప్పుడు, కేంద్రము మార్కెట్ జోక్యపు పథకము కింద క్వింటాలు మిరపకు 11,781 రూపాయల ధర నిర్ణయింపవలసివచ్చినది. మన మిరపను కొను దేశములతో ఒప్పందములు అప్పటికి అమలులోనే ఉన్నవి.

సుంకము కాని అడ్డంకులును కలవు. 2003లో మన మిరప పొడిలో సుడాన్ అను నిషిద్ధ రంగు బయటపడినప్పుడు, యూరపు దేశములు పరీక్షా పత్రము లేనిదే మిరప సరుకును రానీయమన్నవి. కొందరి కల్తీకి, ఆ రంగు ముఖమెరుగని రైతుకూడ మూల్యము చెల్లించెను. పురుగుమందుల అవశేషములు, బూజు వలన పుట్టు విషము అనువాటి పరిమితులు నేడు సుంకములకంటె కఠినమైన గోడలు. ఏ ఒప్పందమును వీటిని పూర్తిగా తొలగింపజాలదు. శుభ్రమైన కళ్లము, పరీక్షాశాల, నిజాయితీగల తూకము వీటికి విరుగుడు.

మనము అడుగవలసిన ప్రశ్నలు

వర్తకుల మద్దతును ద్వేషభావముతో చూడవలెనని మా అభిప్రాయము కాదు. మన విద్యాసంస్థల పోషకులలో పలువురు వర్తకులే. వర్తకుడు లేనిదే మిరప పొలము దాటదు. కాని వర్తకసంఘము ఒప్పందమును కోరినప్పుడెల్ల చదువుకొన్నవారు నాలుగు ప్రశ్నలు అడుగవలెను. కోరుచున్నది ఎగుమతిదారుడా, దిగుమతిదారుడా? మినహాయింపుల జాబితాలో మన పంటలు ఉన్నవా? పుట్టుక నియమము దొంగదారులను మూయుచున్నదా? వచ్చు లాభములో రైతుకు, కూలికి భాగము చేరు మార్గమేది? ఈ నాలుగింటికి సమాధానము చెప్పగల మద్దతును మనముకూడ మద్దతునీయవచ్చును. చెప్పలేని మద్దతు ఒక వర్గపు కోరిక మాత్రమే. దానిని దేశహితమని పిలువరాదు.

కామర్సు, ఆర్థికశాస్త్రము చదువు విద్యార్థులు ఈ జాబితాలను ప్రశ్నాపత్రము కొరకు కంఠస్థము చేయుటతో తృప్తిపడరాదు. మీలో కొందరు రేపు యార్డులో లెక్కలు వ్రాయుదురు, కొందరు ఎగుమతి కార్యాలయములలో పత్రములు నింపుదురు, కొందరు నాన్నగారి పొలమునే చూచుకొందురు. ఆ మూడుచోట్లను ఈ పాఠము అవసరపడును.

1937 వేసవిలో ఇదే కొత్తపట్నములో యువకులు ఆర్థిక, రాజకీయ విషయములు నేర్చుకొనుటకు ఒక పాఠశాల నడుపగా, నాటి ప్రభుత్వము దానిని నిషేధించెను. ధరలు, పన్నులు, కూలి అను మాటలను సామాన్యుడు అర్థము చేసికొనుట పాలకులకు అంతటి భయము కలిగించినది. నేడు అట్టి నిషేధమేదియు లేదు. గ్రంథాలయము తెరచియే ఉన్నది. ఆనాటివారు నేర్వగోరి నేర్వలేకపోయినదానిని మనము నేర్వగలిగియు నేర్వకపోవుట తగదు.