సూరత్ కార్మికవాడల్లో అంబలి

తపతీ నది ఒడ్డున వెలసిన సూరత్ నగరం 17వ శతాబ్దిలో మొగల్ సామ్రాజ్యానికి ప్రధానమైన ఓడరేవు. నేడు అది కృత్రిమ దారంతో నేసే వస్త్రాలకు దేశంలోని ముఖ్య కేంద్రాలలో ఒకటి. అక్కడి మరమగ్గాలపై పనిచేసేవారిలో అధిక సంఖ్యాకులు ఇతర ప్రాంతాల నుంచి వలస వచ్చినవారే. ఒడిశాలోని గంజాం జిల్లా వారు, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్రల వారు ఎందరో ఉన్నారు. వారితో పాటు కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నేత కుటుంబాలు కూడ దశాబ్దాల క్రితమే ఆ నగరానికి చేరినవి. లింబాయత్, ఉధ్నా ప్రాంతాల వాడల్లో తెలుగు మాట వినిపిస్తుంది.

మరమగ్గాల శాలల్లో షిఫ్టు సాధారణంగా 12 గంటలు. మగ్గాల మధ్య నిలబడి, వేడిలో, చెవులు దిబ్బెళ్లుపడే మోతలో పనిచేయవలసి ఉంటుంది. ఇంటివద్దనున్న స్త్రీలలో పలువురు చీరలకు రాళ్లు అతికే పని, కుట్టుపని చేసి కొంత సంపాదిస్తారు. ఇట్టి సంసారాలలో ఉదయం వంటకు తీరిక చిక్కదు. తరచు ఒక కప్పు టీతో పూట గడిచిపోతుంది. టీ ఆకలిని కాసేపు మరపిస్తుందే గాని శరీరానికి బలమీయదు. ఈ కొరతను తక్కువ ఖర్చుతో, తక్కువ శ్రమతో కొంతవరకు తీర్చగల పానీయం తెలుగువారికి తరతరాలుగా తెలిసిన అంబలి.

పేరు వేరు, ధాన్యమొక్కటే

ఊరు విడిచి వచ్చిన కుటుంబాలు చిరుధాన్యాలకు దూరమగుటకు ఒక కారణం అంగడిలో వాటి పేరు తెలియకపోవడమే. తెలంగాణలో తైదలనీ, ఉత్తరాంధ్రలో చోళ్లనీ, మిగిలినచోట్ల రాగులనీ పిలిచే గింజను గుజరాతీలో ‘నాగలి’ అంటారు. సూరత్‌కు ఆగ్నేయంగా ఉన్న డాంగ్ జిల్లా కొండల్లో ఆదివాసులు దీనిని విస్తారంగా పండిస్తారు. నాగలి రొట్టె వారి నిత్యాహారం. ఆ జిల్లాలోని వఘాయీలో నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన కొండ చిరుధాన్యాల పరిశోధన కేంద్రం ఉన్నది. మన సజ్జలు అక్కడ ‘బాజ్రీ’, జొన్నలు ‘జువార్’. పక్క గదిలోని ఒడియా కార్మికునికి రాగులు ‘మాండియా’. వాటితో కాచే జావను అతడూ చిన్ననాటి నుంచి ఎరిగినవాడే.

ఈ ధాన్యాలు కూడ ఒకప్పుడు వలస వచ్చినవే. రాగులు తూర్పు ఆఫ్రికా మెట్టభూముల నుంచి, సజ్జలు పశ్చిమ ఆఫ్రికా నుంచి వేల సంవత్సరాల క్రితం మన దేశానికి చేరి ఇక్కడి నేలకు అలవాటుపడినవి.

పోషక విలువలు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. పాలిష్ పట్టిన బియ్యంలో అది 10 మిల్లీగ్రాములకు మించదు. సజ్జల్లో మాంసకృత్తులు 11 శాతం వరకు ఉంటాయి. ఇనుము కూడ బియ్యంలో కంటె అనేక రెట్లు అధికం. ఒకరికి 40 గ్రాముల రాగి పిండి చొప్పున వాడితే దాదాపు 145 మిల్లీగ్రాముల కాల్షియం సమకూరుతుంది. పెద్దలకు రోజుకు కావలసిన 1,000 మిల్లీగ్రాములలో ఇది సుమారు ఏడవ వంతు. మజ్జిగ కలిపితే మరికొంత చేరుతుంది.

అంబలి తయారుచేయు విధానం

ఇద్దరికి 80 గ్రాముల రాగి పిండి చాలును. రాత్రి పడుకోబోయే ముందు పిండిని ఒకటిన్నర గ్లాసు నీటిలో ఉండలు లేకుండ కలిపి, మట్టి పాత్రలోగాని స్టీలు గిన్నెలోగాని మూతవేసి ఉంచాలి. తెల్లవారేసరికి అది కొద్దిగా పులుస్తుంది. ఉదయం నాలుగు గ్లాసుల నీరు మరగబెట్టి, పులిసిన పిండిని సన్నని ధారగా పోస్తూ తెడ్డుతో ఆపకుండ కలపాలి. సన్నని సెగపై పది నిమిషాలు ఉడికితే పచ్చివాసన పోయి జావ నిగనిగలాడుతుంది. చల్లారిన తరువాత తగినంత ఉప్పు, ఒక గ్లాసు మజ్జిగ, తరిగిన ఉల్లిపాయ, జీలకర్ర చేర్చుకోవచ్చు.

ఇందులో మనిషి చేసే పని పావుగంటకు మించదు. తక్కిన పనిని రాత్రి వేళ సూక్ష్మజీవులే చేస్తాయి. అవి పిండిలోని చక్కెరలను ఆమ్లంగా మార్చడం వల్ల పులుపు వస్తుంది. ఇనుము, కాల్షియం శరీరానికి అందకుండ అడ్డుపడే ఫైటిక్ ఆమ్లం కూడ ఈ క్రమంలో కొంత తగ్గుతుంది.

మొలకల పిండి

వారానికి ఒక సెలవు దినం దొరికేవారు మరొక పద్ధతి అనుసరించవచ్చు. రాగులను కడిగి 12 గంటలు నానబెట్టి, నీరు వంచి, తడి గుడ్డలో మూటకట్టి ఒకటి రెండు రోజులు ఉంచితే మొలకలు వస్తాయి. వాటిని బాగా ఎండబెట్టి, దోరగా వేయించి, అరచేతులతో నలిపి మొలకలను చెరిగివేసి, గిర్నీలో పట్టించి పొడి డబ్బాలో దాచుకోవాలి. కావలసినప్పుడు రెండు చెంచాల పిండిని చన్నీటిలో కలిపి ఐదు నిమిషాలు కాచితే సరిపోతుంది.

మొలకెత్తేటప్పుడు గింజలో పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైములు పుడతాయి. అందువల్ల ఈ పిండితో కాచిన జావ అంతగా చిక్కబడదు. ఒకే గ్లాసులో ఎక్కువ పిండి వేసినను తాగుటకు వీలుగా ఉంటుంది. ఎక్కువ తినలేని పిల్లలకు, కోలుకుంటున్న రోగులకు ఇది మేలైనది.

పొరుగువారి రాబ్

గుజరాతీ గృహిణులు చలికాలంలో ‘రాబ్’ కాస్తారు. సజ్జ పిండిని నేతిలో వేయించి, బెల్లం నీరు పోసి, శొంఠి, వాము, పిప్పళ్ల వేరు పొడి వేసి పలుచగా మరిగిస్తారు. బాలింతలకు, జలుబు చేసినవారికి దీనిని వేడిగా ఇవ్వడం అక్కడి ఆచారం. మన అంబలి వేసవికి చల్లనిది, వారి రాబ్ చలికి వెచ్చనిది. ఒకే వాడలో ఉండే రెండు కుటుంబాలు ఈ రెండింటినీ నేర్చుకుంటే ఏడాది పొడుగునా పనికివస్తాయి.

గమనించవలసిన విషయాలు

సజ్జ పిండిలో కొవ్వు ఎక్కువ గనుక అది కొద్ది రోజులకే చేదెక్కుతుంది. సముద్రతీర ప్రాంతపు తేమలో మరింత త్వరగా పాడవుతుంది. కాబట్టి వారానికి సరిపడా మాత్రమే పట్టించుకోవాలి. పనికి తీసుకుపోయే అంబలిలో మజ్జిగ ముందుగా కలపక, తాగే వేళ కలుపుకోవడం మంచిది. వేసవిలో అంబలిని మధ్యాహ్నం దాటనీయరాదు. టీ ఆహారంలోని ఇనుమును శరీరానికి అందనీయదు గనుక అంబలికీ టీకీ నడుమ గంట వ్యవధి ఉండాలి. నిమ్మరసం చేర్చితే ఇనుము బాగా వంటబడుతుంది. మధుమేహం కలవారు బెల్లం మానాలి. జావ రొట్టె కంటె త్వరగా అరిగి రక్తంలో చక్కెరను పెంచుతుందనే సంగతి కూడ వారు గుర్తుంచుకోవాలి. అన్నిటికీ మించి, అంబలి పూర్తి భోజనం కాదు. దానితో పిడికెడు వేరుసెనగలో, ఉడికించిన సెనగలో తింటే మాంసకృత్తుల లోటు తీరుతుంది.

భారత ప్రభుత్వం 2018ని జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. భారతదేశపు ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. ఒకనాడు పేదల తిండిగా చిన్నచూపు చూడబడిన ధాన్యాలకు ఈ విధంగా గౌరవం లభించింది. కాని ఆ గౌరవం కార్మికుని గ్లాసులోకి చేరినప్పుడే సార్థకమవుతుంది. సూరత్‌లోని తెలుగు ఇల్లాలు అంగడికి పోయి ‘నాగలి’ అని అడగగలిగితే చాలు, తన ఊరి అంబలి ఆమె పొయ్యిమీదికి తిరిగి వస్తుంది.